స్వైలిం బండెక్కితే కొండలు జరుగుతాయి

స్వైలింకి దారి తెలియదు.

దారి తెలియనివాళ్ళు లోకంలో కొల్లలు. నేనూ ఒకణ్ణి. బస్రా బజారులో పాత పుస్తకాల అంగడి వెతుక్కుంటూ ఎవరింట్లోకో జొరబడి, అక్కడ పురిటి పనిలో ఉన్న మంత్రసాని చేత చీపురు దెబ్బలు తిన్నవాణ్ణి. కాని నా తిండి దారి చూపడం మీద ఆధారపడి లేదు. స్వైలిం తిండి పూర్తిగా దాని మీదే. ఎర్రకొండల ఎడారి చూద్దామని వచ్చే జనాన్ని పికప్ బండి వెనక బల్లల మీద కూర్చోబెట్టుకుని, తిప్పి చూపించి, క్షేమంగా వెనక్కి తేవడం అతని వృత్తి. తిప్పడం బాగా తిప్పుతాడు. క్షేమంగానూ తెస్తాడు. మధ్యలో ప్రతిసారీ తప్పిపోతాడు. అదీ తను పుట్టి పెరిగిన లోయలో.

తప్పిపోయానని మాత్రం చచ్చినా ఒప్పుకోడు. బండి ఆపి, దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న కొండను కిందనుంచి పైదాకా అనుమానంగా చూస్తాడు. "ఇది నిన్న ఇక్కడ లేదే!" అంటాడు.

"ఇంత లావు కొండ ఎక్కడికి పోతుందయ్యా?" అని వెనక బల్ల మీంచి ఎవరైనా అడుగుతారు.

"అదే నేనూ అడుగుతున్నాను. కొండ జరిగింది," అంటాడు స్వైలిం, కొండవైపు వేలు చూపించి. వేలు చూపించే తీరు చూస్తే అల్లరి చేసిన మేకను పట్టుకున్నట్టు ఉంటుంది.

పూర్వం పటాలు గీసిన మహానుభావులు లేని దీవుల్ని సముద్రంలో పెట్టారు, ఉన్న నదుల్ని మింగేశారు. ఆ పటాలు నమ్ముకుని ఓడలు మునిగిన నావికులు పటాన్ని తిట్టారు, గాలిని తిట్టారు, రాజుగారిని తిట్టారు. తప్పు కొండదే అన్న ధైర్యశాలి మాత్రం, నేను చదివినంతలో, స్వైలిం ఒక్కడే.

మా ఊరి పేరు ఉమ్ సిద్ర. నాలుగు రోజులుండి పోదామని వచ్చి జుట్టు నెరిసేదాకా ఉండిపోయాను కాబట్టి మా ఊరనే అంటాను. ఇండియా నుంచి వచ్చినవాడెవడైనా వీళ్ళకి "హిందీ"యే. "నేను హిందీ కాదర్రా, తెలుగు," అని మొదట్లో చెప్పి చూశాను. "ఓహో! తెలుగు అంటే హిందీల్లో ఏ తెగ? ఒంటెల వాళ్ళా, గొర్రెల వాళ్ళా?" అని అడిగారు. ఆలోచించి, గేదెల వాళ్ళం అని చెప్పాను. అప్పటినుంచీ గౌరవంగానే చూస్తున్నారు.

అసలు చిత్రం ఏమిటంటే, బండి ఎక్కనప్పుడు స్వైలింకి దారులన్నీ తెలుసు. పొరుగింటివాళ్ళ ఒంటె తప్పిపోతే, ఇసకలో అడుగులు చూసి అది ఏ కాలు కుంటుతోందో, ఎవరి మీద అలిగి పోయిందో కూడా చెప్పి, మధ్యాహ్నానికల్లా తోలుకొచ్చేవాడు. అదే మనిషి జనాన్ని ఎక్కించుకుని ఊరు దాటేసరికి కొండలు జరగడం మొదలవుతాయి. ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, గత కొన్నేళ్ళుగానే. దిష్టి తగిలిందని అత్తగారు. పెట్రోలు వాసన మెదడుకెక్కిందని మంగలి. "రేవుపట్నం అఖబాలో మిఠాయి కొట్టుకి మాత్రం కళ్ళు మూసుకుని పోతాడు, అక్కడి వీధులేవీ జరగవేం?" అని పెళ్ళాం.

ఇర్బిద్ నుంచి కొత్త జంట వచ్చింది ఒకసారి. రాతి తోరణం కింద మధ్యాహ్న భోజనం వాళ్ళ ముచ్చట. వంటలు మూటకట్టుకుని పొద్దున్నే బయల్దేరారు. ఆ మధ్యాహ్నం వాళ్ళు తోరణం చూడలేదు, తోరణమూ వాళ్ళని చూడలేదు. తప్పిపోయినంతసేపట్లో ఆ పిల్లా పిల్లాడూ రెండుసార్లు పోట్లాడుకుని, మూడుసార్లు రాజీపడి, పుట్టబోయే పిల్లలకి పేర్లు కూడా పెట్టేసుకున్నారు. పొద్దువాలుతుండగా ఊరు చేరేటప్పటికి పదేళ్ళు కాపురం చేసినవాళ్ళలా ఉన్నారు.

ఇంకోసారి ఎక్కడిదో దేశం నుంచి బొమ్మలు వేసే ముసలాయన వచ్చాడు. ఫలానా బండరాయి బొమ్మ వేసుకోవాలని సముద్రాలు దాటి వచ్చాడాయన. ఆ రాయి చూడనేలేదు. తిరిగొచ్చి స్వైలిం రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని ఏడ్చాడు. భాష తెలియక, తిడుతున్నాడనుకుని స్వైలిం కూడా క్షమించమని ఏడ్చాడు.

దారి తప్పినవాళ్ళలో సగంమంది ఇలా ముద్దులు పెట్టేవాళ్ళు, సగంమంది తిట్టేవాళ్ళు. మధ్యలో ఎవరో ముసలాయన గుడారంలో టీ తాగామని అందరూ చెప్పేవాళ్ళు. ఎడారిలో తప్పిపోయినవాడు ఎవరో ఒకరి గుడారంలో టీ తాగకుండా ఎలా వస్తాడు? ఆ మాట మేమెవరం పట్టించుకోలేదు.

తిట్టేవాళ్ళ తిట్లు చేరేది అబూ ఫవ్వాజ్‌కి. ఆయన మా ఊరి డ్రైవర్ల సంఘానికి పెద్ద. ఏ బండికి ఏరోజు వంతో ఆయన చెప్పిందే. ఆయన మీసం ఎంత పెద్దదంటే, టీ గ్లాసు దాని వెనక్కి వెళ్ళి ఖాళీగా తిరిగొస్తుందే తప్ప తాగడం ఎవరూ చూడలేదు. రాజధాని అమ్మాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి స్వైలిం పుణ్యమా అని విమానం అందుకోలేకపోయాక, అబూ ఫవ్వాజ్ అతన్ని అందరి ముందూ నిలబెట్టాడు.

"స్వైలిం, నువ్వు పుట్టిందెక్కడ?"

"ఈ లోయలోనే, అబూ ఫవ్వాజ్."

"మీ నాన్న?"

"ఈ లోయలోనే."

"మరి నీకూ ఈ లోయకీ ఏం తగువొచ్చింది?"

"తగువేం లేదు. నేను బాగానే ఉన్నాను. ఆ కొండలే..."

"ఇంకోసారి కొండల మాటెత్తావంటే చెప్పు తెగుతుంది!"

ఎవరో నవ్వారు. అబూ ఫవ్వాజ్ నవ్వలేదు. "ఎల్లుండి నీ వంతు. నీ బండిలో నేనూ వస్తాను. నోరు మెదపను. నేరుగా తోరణం దగ్గరికి పోవాలి, నేరుగా వెనక్కి రావాలి. తప్పావా, నీ వంతు శాశ్వతంగా కొట్టేస్తాను. బండి అమ్ముకుని అఖబా రేవులో మూటలు మోసుకో."

ఆ మాటకి స్వైలిం మొహం మాడిపోయింది. రేవంటే మూటల బరువొక్కటే కాదు. అతను కప్పు కింద నిద్రపోలేడు. బావమరిది ఇంటికి అఖబా వెళ్ళినప్పుడల్లా పరుపు భుజాన వేసుకుని మేడ మీదికి ఎక్కుతాడు. అక్కడా గోడలు మరీ దగ్గరగా ఉన్నాయని గొణుగుతాడు. అతని పెళ్ళాం నా దగ్గరికొచ్చి, "హిందీ బాబాయ్, నీ మాట వింటాడు. ఈ ఒక్కసారికి కొండల్ని కదలకుండా ఉండమని చెప్పమను," అంది. నవ్వుతూనే అంది గాని కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఒక్కరోజు నేరుగా పోలేవుట్రా?" అనడిగాను అతన్ని.

బండి టైర్లలో గాలి తగ్గిస్తూ తలెత్తకుండా అన్నాడు. "పోవడానికేం బాబాయ్. దారి ఒప్పుకోవాలి గదా."

ఆ రోజు బండిలో ఎక్కింది నుహా టీచరమ్మ. అమ్మాన్‌లో ఏళ్ళ తరబడి భూగోళం చెప్పి ఇంట్లో కూర్చోలేక బయల్దేరిన మనిషి. తల మీద గొడుగంత టోపీ, చేతిలో ఫోను, ఫోనులో పటం. స్వైలింకి తోడుగా నేనూ ఎక్కి ఆమె ఎదురుగా బల్ల మీద. ముందు సీట్లో అబూ ఫవ్వాజ్, ఆయన మీసం.

పొద్దున పూట ఆ ఎడారిలో బండి మీద పోవడం కన్న హాయి నాకింకోటి తెలియదు. గాలి తగ్గించిన టైర్ల కింద ఇసక పిండిలా అణుగుతుంది. రెండువైపులా కొండలు, ఒకటి పొయ్యి మీంచి అప్పుడే దించిన రొట్టెలా, ఒకటి కరిగి కారిన కొవ్వొత్తిలా, ఇంకోటి కోపంగా అటు తిరిగి కూర్చున్న ముసలమ్మలా. ఎండ ఎక్కేకొద్దీ గులాబిరంగు ఇటుక రంగవుతుంది, ఇటుక నిప్పవుతుంది. స్వైలిం కూనిరాగం తీస్తున్నాడు. కొండలన్నీ వాటి వాటి చోట్లలో బుద్ధిగా ఉన్నాయి. నాకు ఆశ పుట్టింది.

అప్పుడొచ్చింది చీలిక. కుడివైపు పోతే తోరణం. ఎడమవైపు రెండు ఎర్రగోడల మధ్య ఇరుకు సందు. స్వైలిం బండి ఆపాడు. ఇంజను ఆపేశాడు.

ఎక్కడో చాలా దూరంలో, సందు లోపలినుంచి, టంగుటంగుమని సన్నటి చప్పుడు. రోట్లో కాఫీ గింజలు దంచుతున్నారెవరో. ఈ ఎడారి మనుషుల్లో తనొక్కడి కోసం ఎవడూ అంత గట్టిగా దంచడు. ఆ చప్పుడు చేశాడంటే ఎవరో రావాలని అర్థం.

అబూ ఫవ్వాజ్ మాట ప్రకారం నోరు మెదపలేదు. కుడివైపు మాత్రం చూశాడు, మెడ నొప్పెట్టేంత గట్టిగా. స్వైలిం తలగుడ్డ చివరతో చెమట తుడుచుకున్నాడు. ఎదురుగా ఉన్న కొండవైపు తల తిప్పాడు.

"అబూ ఫవ్వాజ్," అన్నాడు పీలగా, "ఈ కొండ నిన్న ఇక్కడ..."

"స్వైలిం!"

స్వైలిం బండి ఎడమకి తిప్పాడు.

"అయిపోయింది," అన్నాడు అబూ ఫవ్వాజ్, నెమ్మదిగా. "నీ వంతు అయిపోయింది. రేవులో మూటలు బాగా బరువుంటాయట."

"ఉంటాయటండీ," అన్నాడు స్వైలిం, గేరు మారుస్తూ.

సందు దాటాక నల్ల గుడారం. గుడారం ముందు రోటి దగ్గర ముత్లక్ తాత. చూడగానే అబూ ఫవ్వాజ్, నేనూ మొహాలు చూసుకున్నాం. ఒకప్పుడు ఈ ఎడారిలో దారి అంటే ముత్లకే. మా ఊరి డ్రైవర్లందరికీ చిన్నప్పుడు దారులు నేర్పింది ఆయనే. కొత్త రోడ్డు అటువైపు పడ్డాక ఈ సందులోకి ఎవరికీ పని లేకపోయింది. కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడనే అనుకున్నాం. ఎక్కడికీ వెళ్ళలేదు. కళ్ళు మాత్రం రెండూ తెల్లగా పొరలు కమ్మి ఉన్నాయి.

బండి ఆగీ ఆగకముందే రోకలి ఆపి అరిచాడు. "వచ్చావట్రా గాడిదా! మళ్ళీ తప్పిపోయావా?"

"తప్పిపోయాను తాతా."

నేను చెవులు నిక్కించాను. మా ఎవరి దగ్గరా ఒప్పుకోని మాట!

"ఈసారి ఏమైంది?"

"కొండ జరిగింది తాతా."

"జరిగింది కొండ కాదు, నీ బుర్ర! పుట్టినప్పటినుంచీ ఆ కొండ అక్కడే ఉంది, మా తాత పుట్టినప్పుడూ అక్కడే ఉంది. నీకు దారులు నేర్పిన వెధవెవడో గాని వాణ్ణి ఉరి తియ్యాలి!"

"మీరే నేర్పారు తాతా."

"అందుకేగా ఇంకా చావకుండా కూర్చున్నాను! చేసిన తప్పు దిద్దుకోవాలా వద్దా?"

తిట్లు అలా సాగుతున్నాయి. స్వైలిం చేతులు కట్టుకుని, ఎండలో చల్లటి నీళ్ళు పోసుకుంటున్నట్టు నిలబడ్డాడు. ముత్లక్ భార్య ఫిద్దా అవ్వ రొట్టెల పళ్ళెంతో వచ్చి గుడారపు తాడు దగ్గర నిలబడ్డ మా పక్కన ఆగింది. అబూ ఫవ్వాజ్‌ని గుర్తుపట్టి, గొంతు బాగా తగ్గించింది.

"పిల్లాణ్ణి ఏమీ అనకు నాయనా. కళ్ళు పోయాక ఈయన రొట్టె ముట్టడం మానేశాడు. నాతో ఇంకెవరికేం పని అని అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడొకరోజు దుమారంలో ఈ పిల్లాడు నిజంగానే దారి తప్పి వచ్చాడు. ఈయన లేచి కూర్చుని, నోరు నొప్పెట్టేదాకా తిట్టి, దారి చెప్పి పంపించి, ఆకలేస్తోందన్నాడు. తర్వాత వంతు వచ్చినప్పుడు పిల్లాడు మళ్ళీ తప్పిపోయాడు. ఆపైన మళ్ళీ. ఇప్పుడు ఇంజను చప్పుడు కోసం పొద్దున్నే లేచి కాఫీ దంచుతున్నాడు. నేను పోతే ఈ గాడిదకి దారెవరు చెబుతారు అని మందు కూడా మింగుతున్నాడు."

అబూ ఫవ్వాజ్ మీసం ఒక పక్కకి కదిలింది.

ఇటు ముత్లక్ దారి చెప్పడం మొదలెట్టాడు. "బాగా విను. తుమ్మచెట్టు దగ్గర ఎడమకి తిరుగు. నీటిదొరువు దాటాక ఎర్రబండ..."

నుహా టీచరమ్మ ఫోనులోకి చూసి, "కాని పెద్దాయనా, ఇక్కడ తుమ్మచె..." అనబోయింది. ఫిద్దా అవ్వ రొట్టె ముక్క తుంచి ఆమె నోట్లో కుక్కింది. "తినమ్మా, తిను. వేడిగా ఉన్నప్పుడే తినాలి." ఆ తుమ్మచెట్టు వరదకి కొట్టుకుపోయింది. దొరువు పూడిపోయింది. ముత్లక్ చెప్పే దారి ఆయన కళ్ళు మంచిగా ఉన్ననాటి దారి. టీచరమ్మ రొట్టె నములుతూ ముసలాయన కళ్ళవైపు చూసింది, స్వైలిం వైపు చూసింది, ఫోను తీసి సంచిలో పడేసింది.

రొట్టె కుక్కడం చూసి నవ్వాపుకోలేక అబూ ఫవ్వాజ్ దగ్గాడు.

ముత్లక్ తల తిప్పాడు. "ఎవరది? ఇంకో మగవాడెవడు?"

స్వైలిం మొహంలో రక్తం లేదు. సంఘం పెద్ద తన బండిలో ఎందుకొచ్చాడో ఒక్క మాట చెబితే చాలు, తను వేషం వేస్తున్నాడని ముసలాయనకి తెలిసిపోతుంది. మూటలు మొయ్యడానికి సిద్ధపడ్డ మనిషి దీనికి మాత్రం సిద్ధపడలేదు.

"నేను తాతా," అన్నాడు అబూ ఫవ్వాజ్. "ఫర్హాన్ కొడుకుని."

"నువ్వా! డ్రైవర్లందరికీ పెద్దవయ్యావటగా. నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?"

అబూ ఫవ్వాజ్ మీసం దువ్వుకున్నాడు. కొండల వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కొండ జరిగింది తాతా," అన్నాడు.

ముత్లక్ తొడ చరుచుకున్నాడు. "ఓరి దేవుడా! పెద్దకే దారి తెలియదు! ఇక ఈ లోయ గతేం కాను! ఫిద్దా, ఇంకో రొట్టె వెయ్యి. వీడి పని ఇప్పుడిప్పుడే తేలదు. కూర్చోరా ఇక్కడ, ఫర్హాన్ కొడకా. చిన్నప్పుడూ ఇంతే నువ్వు, నక్షత్రాలు చూపిస్తే నా వేలు చూసేవాడివి!"

అబూ ఫవ్వాజ్ ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ సంఘం పెద్దని ఎవరైనా తిట్టి ఎన్నేళ్ళయిందో గాని, టీ గ్లాసు పట్టుకుని, పండక్కి పిలిచినట్టు నవ్వుతూ తిట్లన్నీ విన్నాడు.

బయల్దేరేటప్పుడు ముత్లక్ గుడారపు తాడు పట్టుకుని నిలబడ్డాడు. దారి చెప్పినవాడు బండి చప్పుడు ఆగిపోయేదాకా నిలబడాలి, అది ఆయన పాత మర్యాద.

"ఇక్కడ కుడికి తిరిగితే తోరణం దగ్గరే," అన్నాడు స్వైలిం. "కాని బండి ఎటు తిరిగిందో ఆయన చెవికి తెలిసిపోతుంది."

"ఎడమకే పోనీ," అన్నాడు అబూ ఫవ్వాజ్.

లేని చెట్టు దగ్గర ఎడమకి తిరిగాం. లేని దొరువు దాటాం. ఇసకలో కూరుకుపోయి, అబూ ఫవ్వాజ్ సహా అందరం దిగి తోశాం. అలా తోసుకుంటూ వెళ్ళి పడ్డ చోటు, ఇన్నేళ్ళున్నా నేనెప్పుడూ చూడలేదు. ఆకాశం సన్నటి గుడ్డపేలికంత మిగిలే ఎత్తున రెండు గోడలు, వాటి మీద ఎరుపు, ఊదా, తేనె రంగులు చారలు చారలుగా, రాతి పగులులోంచి తల ఊపుతున్న ఒక పచ్చటి పొద. ఎవరో ఎప్పుడో గోడ మీద పొడవాటి కొమ్ముల కొండమేకని చెక్కారు. ఆ మేక కూడా దారి తప్పి వచ్చినట్టే ఉంది. టీచరమ్మ టోపీ తీసి నిలబడింది. "ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పిన ఏ పుస్తకంలోనూ ఇది లేదు," అంది, చాలా సంతోషంగా.

తోరణం మేం చూడలేదు.

సంఘంలో అందరూ ఆత్రంగా అడిగారు. "ఏమైంది? తప్పిపోయాడా?"

"తప్పిపోయాడు," అన్నాడు అబూ ఫవ్వాజ్. "నేనూ తప్పిపోయాను. ఆ లోయ కాస్త కష్టమైనదే. స్వైలిం వంతు ఉంటుంది." అంతకుమించి ఒక్క మాట రాలేదు. పైకి అన్న మాట తిరిగి తిరిగి ఎప్పటికైనా ముత్లక్ చెవిన పడుతుందని ఆయన భయం.

అయినా ఎలా పాకిందో పాకింది. ఆ నెలలో మా ఊరి డ్రైవర్లకి వరసగా ఏదో తెగులు తగిలింది. ఒకడి తర్వాత ఒకడు తప్పిపోవడమే. ఒకడికి గాలి మారిందట, ఒకడికి నీడ అడ్డం వచ్చిందట, ఇంకొకడు ఏ కారణమూ దొరక్క ఊరికే తప్పిపోయాడట.

ఆమధ్య నేను ఒక్కణ్ణే నడుచుకుంటూ ముత్లక్ దగ్గరికి వెళ్ళాను. మనిషి ఒళ్ళు చేశాడు. కాఫీ దంచి దంచి భుజం పట్టేసిందని ఫిద్దా అవ్వ నూనె రాస్తోంది.

"ఓ హిందీ, నువ్వూ తప్పిపోయావా?"

"నాకు దారి ఎప్పుడు తెలుసు గనక తాతా?"

"నిన్ను తిట్టనులే. నీకు నిజంగానే తెలియదు," అన్నాడు ముత్లక్. తర్వాత భుజం సవరించుకుని, "మావాళ్ళకి ఒక మాట చెప్పు. ఇంతమంది గాడిదల్ని నేనొక్కణ్ణే చూసుకోలేను. శుక్రవారం ఎవరూ తప్పిపోవద్దు. ఆ ఒక్కరోజూ ఎవరి దారి వాళ్ళు చూసుకోండి. నాకూ కాస్త నడుం వాల్చుకోవాలని ఉంటుంది," అన్నాడు.

చెప్పాను. ఆ శుక్రవారం స్వైలిం ఐదుగురు అమ్మాన్ ఆడవాళ్ళని ఎక్కించుకుని, గీత గీసినట్టు నేరుగా తోరణం దగ్గరికి తీసుకెళ్ళి ఆపాడు. వాళ్ళు దిగి తోరణాన్ని చూశారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇంతేనా?" అంది పెద్దావిడ.

"ఇదేనమ్మా తోరణం. అందరూ దీనికోసమే వస్తారు."

"తోరణం సంగతి సరే, మీరు తప్పిపోయేదెప్పుడు? నుహా టీచరమ్మ చెబితే పనులన్నీ మానుకుని వచ్చాం!"

స్వైలిం తలగుడ్డ సర్దుకుని, చాలా మర్యాదగా అన్నాడు.

"ఇవాళ సెలవమ్మా. రేపు రండి."